ఒంటిచెప్పు వీధి

నా పేరు మజ్జి సూరన్న. వయసు డెబ్బై నాలుగు. కొండమెట్ల నాలుగో వీధికి కావలిరాత నాది. వీధికొక స్తంభం, స్తంభానికొక మనిషి అన్నది చట్టం. స్తంభం చూసింది స్తంభం రాసుకుంటుంది. నేను చూసింది నేను ఈ పుస్తకంలో రాస్తాను. అక్షరాలు యాభై దాటాక నేర్చుకున్నాను, ఈ పని కోసమే. నోటితో చెబితే యంత్రమే రాసిపెడుతుందన్నారు. అక్కర్లేదన్నాను. మొదటి పేజీలో అచ్చువేసిన ప్రమాణంలో ‘విధేయుడనై’ అని ఉంది. కొట్టేసి నాది నేను రాసుకున్నాను. చూస్తే రాస్తాను. చూడకపోతే రాయను. ఎవడు చెప్పినా మార్చను.

1వ రోజు

ఇవాళ పాత స్తంభం పీకేసి కొత్తది పాతారు. పాతదానికి ఒకటే కన్ను. మెట్లు ఎవరు ఎక్కారు, ఎవరు దిగారు, అంతే చూసేది. కొత్తదానికి పదకొండు కళ్ళు. ప్రతి గడపా దానికి కనబడుతుందట.

మంచునుంచి నీళ్ళు పట్టే వలలు కుట్టే దేముడు కిందనుంచి పైకి చూసి, “ఇన్ని కళ్ళేటి మావా? పీతకి కూడా రెండే,” అన్నాడు.

వీధి మొదట్లో బోర్డు కూడా కొత్తది పెట్టారు. దొంగతనాల్లేని వీధి అని ఆకుపచ్చ రంగులో వెలుగుతోంది. పంతొమ్మిదేళ్ళుగా అదే రంగు. రెండో వీధివాళ్ళు కొండ దిగడానికి తీగబండి ఎక్కేటప్పుడు తల దించుకుంటారు, వాళ్ళ బోర్డు పసుపు. మేము తలెత్తుకుని ఎక్కుతాం. ఈ పుస్తకం పంతొమ్మిదేళ్ళ కట్ట తిరగేసి చూసుకోండి, దొంగతనం అన్న మాట ఒక్కచోట కనబడదు.

ఇంకొకటి కూడా రాస్తాను. సముద్రం దిగువ బజారును తినేదాకా నలభై ఏళ్ళు అక్కడ తాళాలు చేశాను. ఏ తాళం ఎంతసేపు ఆగుతుందో నాకు తెలిసినట్టు ఈ పట్నంలో ఎవడికీ తెలియదు. అందుకే నా ఇంటికి తాళం వెయ్యలేదు. మా వీధిలో అరవై రెండు ఇళ్ళు. ఒక్క దానికీ లేదు. ఉన్న ఒక్క తాళం మా గోడకి మేకు మీద వేలాడుతోంది. నా మొదటి తాళం. ఇత్తడి, అరచెయ్యంత. దాని చెవి నా మొలతాడుకే ఉంటుంది.

స్తంభం: సున్నా. పుస్తకం: సున్నా.

2వ రోజు

స్తంభం: ముప్పై ఏడు. పుస్తకం: సున్నా.

ముప్పై ఏడు దొంగతనాలు! పొద్దున్న వలలు పిండుకుని కుండలు దింపుకునేసరికి బోర్డు పసుపు. మధ్యాహ్నానికి ఎరుపు. బోర్డు కింద అచ్చయిన కాగితం చింపి చదివాను. ముప్పై ఏడు సార్లూ ఒకటే మాట. ‘ఖాళీ ఇంట్లో చొరబాటు, వస్తువు అపహరణ, తొందరలో పాదరక్ష వదిలి పరారీ.’

మొదట నాకే అర్థం కాలేదు. తరవాత మా గడపలో చూశాను. నూకరత్నం ఎడమ చెప్పు ఉంది. లోపల రోకలి లేదు.

తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. మా వీధిలో కావలసింది అడిగి తెచ్చుకోరు. ఇంట్లో మనిషి లేకపోతే తిరిగి పోరు. లోపలికి వెళ్ళి తీసుకుని, గడపలో తమ చెప్పు ఒకటి విడిచి వెళ్తారు. ఆ చెప్పు ఎవరిదో అందరికీ తెలుసు. ఒంటి చెప్పుతో ఎవరూ దూరం వెళ్ళరు, వస్తువు తిరిగి పెట్టేదాకా రెండో కాలికి రాళ్ళు గుచ్చుకుంటూనే ఉంటాయి. దిగువ బజారు మునిగి మేమంతా ఈ కొండెక్కిన మొదటి ఏడు, వీధి మొత్తానికి నాలుగు గొడ్డళ్ళు, ఆరు పెద్ద గిన్నెలు ఉండేవి. అప్పుడు మొదలైంది. ఇప్పుడు అందరికీ అన్నీ ఉన్నా మానలేదు.

కాగితం పట్టుకుని నూకరత్నం ఇంటికి వెళ్ళాను. ఆమె మా ఎదురిల్లు, వరసకి మరదలు, నోరు జాస్తి. రోకలితో ఎండుమిరపకాయలు దంచుతోంది, ఒక కాలికే చెప్పు.

“రత్నం, నిన్నొక్కదాన్నే తొమ్మిది సార్లు దొంగ అంది.”

“తొమ్మిదా?” అని రోకలి ఆపింది. “ఎనిమిదే బావా! ఉల్లిపాయలు రెండూ ఒక్కింట్లోనే తీసేను. దానికి లెక్కలు రావు, ఆ యెదవ కొయ్యకి.”

నేను పుస్తకంలో సున్నా రాశాను. కార్యాలయానికి కబురు చేశాను. స్తంభం ఎక్కువ చూసి మనిషి తక్కువ రాస్తే మనిషి నిద్రపోయాడని లెక్క అన్నారు. స్తంభం మాటే నిలుస్తుందట.

4వ రోజు

స్తంభం: ముప్పై నాలుగు. పుస్తకం: సున్నా.

నోటీసు వచ్చింది. ముప్పయ్యో రోజు పొద్దున బోర్డు ఎర్రగా ఉంటే అరవై రెండు గడపలకీ బొటనవేలి తాళాలు. ఇంటివాళ్ళ వేలికి తప్ప తెరుచుకోవు, తలుపు మూస్తే వాటంతట అవే పడతాయి, లోపలా బయటా. తీసేయడానికి పదేళ్ళ దాకా వీల్లేదు.

నమూనా తాళం ఒకటి పట్టుకొచ్చి తీగబండి దిగేచోట బల్ల మీద పెట్టారు. చూడ్డానికి వెళ్ళాను. తాళం మంచిదే, అబద్ధం ఎందుకు? లోపల పని శుభ్రంగా ఉంది. అందరూ వేలు పెట్టి చూస్తున్నారు. నా వేలికి ‘టిక్’ అని తెరుచుకుంది. మా ఆవిడ అచ్చియ్యమ్మ వేలు పెట్టింది. ఎర్రదీపం. తుడుచుకుని మళ్ళీ పెట్టింది. ఎర్రదీపం. ఇంకో చెయ్యి. అదీ అంతే.

తాళం తెచ్చినతను భూతద్దంతో చూసి, “అమ్మగారికి గీతలు లేవండీ,” అన్నాడు.

ఎలా ఉంటాయి? ముప్పై ఒక్క ఏడు రొయ్యలు ఒలిచింది. ఐసునీళ్ళలో, ఉప్పులో, రొయ్య తలల ముళ్ళలో. వేలు నున్నగా గాజుముక్కలా ఉంటుంది. మా వీధిలో అలాంటి ఆడవాళ్ళు ఇరవై ముగ్గురు. వరసగా పెట్టారు. ఇరవై మూడు ఎర్రదీపాలు.

“అయితే నానేటి సెయ్యాల?” అంది అచ్చియ్యమ్మ.

“ఇంట్లో వేరేవాళ్ళ వేలు నమోదు చేయించండి. వాళ్ళు తెరుస్తారు.”

“ఆయన బయటికెల్తే?”

అతను భూతద్దం సంచిలో పెట్టుకున్నాడు. ఇంటికొచ్చాక, “నా సేత్తో కట్టిన గోడలు. నేను లోన ఉండాలో బయట ఉండాలో ఆ పెట్టి సెబుతాదా?” అంది. యాభై ఏళ్ళలో ఆవిడ గొంతు అలా వినలేదు.

5వ రోజు

మెట్ల మీద వీధిని కూర్చోబెట్టాను. ఎవరికీ ఇష్టం లేదు, అయినా ఒప్పించాను. ముప్పయ్యో రోజు దాకా ఎవరి ఇంట్లోకి ఎవరూ వెళ్ళకూడదు. కావలిస్తే గడప బయట నిలబడి అడగాలి. మనిషి చేత్తో ఇస్తేనే తీసుకోవాలి.

“అడగాలా?” అంది నూకరత్నం. “పక్కింటిదాన్ని ఉప్పు అడగాలా? ముష్టిదాన్నేటి?”

“ఇరవై అయిదు రోజులు ముష్టిదానివే,” అన్నాను.

స్తంభం: పంతొమ్మిది. పుస్తకం: సున్నా.

9వ రోజు

స్తంభం: మూడు. పుస్తకం: సున్నా.

ఆ మూడూ ‘మాటువేత’ అట. గడప ముందు నిలబడి లోపలికి చూస్తే మాటువేత. దాంతో జనం చూడడం కూడా మానేశారు. ఇళ్ళ ముందునుంచి వెళ్ళేటప్పుడు కొండవైపు మొహం పెట్టుకుని నడుస్తున్నారు. దేముడు మెడ పట్టేసిందని ఉప్పు కాపడం పెట్టుకుంటున్నాడు.

13వ రోజు

స్తంభం: సున్నా. పుస్తకం: సున్నా. బోర్డు ఆకుపచ్చ.

కార్యాలయం నుంచి పొగడ్త కాగితం వచ్చింది. దేముడు బోర్డు కింద అతికించాడు. రెండో వీధివాళ్ళు వచ్చి ఎలా చేశారని అడిగారు. గర్వంగా ఉండాలి. అచ్చియ్యమ్మ పెద్ద రోకలి కోసం వెళ్ళి నూకరత్నం గడప బయట నిలబడి పిలిచి, ఆమె స్నానంలో ఉంటే ఎండలో అరగంట నిలబడి ఉత్త చేతులతో తిరిగొచ్చింది. ఇంకేం రాయాలో తెలియలేదు.

17వ రోజు

పొద్దున్నే ఇద్దరం పైకెళ్ళి వలలు పిండి వచ్చాం. నాలుగు కుండలు నిండాయి. కుండలు దించి గోడకేసి చూశాను.

మేకు ఉంది. తాళం లేదు.

వెంటనే గడప చూశాను. చెప్పు లేదు. గడప వెనక, మెట్టు కింద, తులసికుండీ పక్కన కూడా చూశాను. ఎక్కడా లేదు.

మా వీధిలో ఎవరైనా ఎంత తొందరలో ఉన్నా, బిడ్డకి చెయ్యి కాలి నీళ్ళకోసం పరిగెత్తినా, చెప్పు విడిచే వెళ్తారు. కాబట్టి ఇది మా వీధి మనిషి పని కాదు. దొంగతనం.

నూకరత్నాన్ని అడిగాను. ఆమె పొద్దున్న వాకిట్లోనే ఉంది.

“బూటు సప్పుడు ఇన్నాను బావా. మీ ఇంటి దగ్గిర ఆగింది. లోనకెల్లింది. మల్లీ వచ్చీసింది.”

“ఎవరు?”

ఆమె నా మొహం చూడలేదు. “తిరిగి సూడలేదు. సూస్తే మాటు అంటాది గదా అది. గోడకేసి తిరిగి నిలబడ్డాను.”

ఇరవై ఏళ్ళుగా ఈ వీధిలో పిల్లి కొత్తదొచ్చినా నూకరత్నానికి తెలుస్తుంది. ఆమె గోడకేసి తిరిగి నిలబడింది.

సాయంత్రం స్తంభం కాగితం చింపాను. దొంగతనాలు సున్నా. కింద సన్నటి అక్షరాల్లో ఒక వరుస: ‘సేవా సిబ్బంది రాక, స్తంభం కన్ను తుడుపు, లెక్కలోకి రాదు.’

పుస్తకం తెరిచాను. అచ్చియ్యమ్మ పక్కన కూర్చుంది.

“రాయకు,” అంది.

“పోయింది కదా.”

“పోయిందని నీకూ నాకూ తెలుసు. రత్నం సెప్పదు. పంతొమ్మిదేళ్ళు సున్నా రాసేవు. నీ ఇంట్లోనే పోయిందని నువ్వే రాస్తావా? రెండో వీధోల్లు నవ్వరా? బోర్డు పచ్చగా ఉంది. ఇంకో పదమూడు రోజులు. నా యేలి సంగతి నీకు తెల్దా?”

ఆవిడ మాట నిజం. కలం పట్టుకుని మొదటి పేజీకి తిప్పాను. తాళం పోయినందుకు కాదు నా బాధ. చెవి లేని తాళం, వాడికి ఇత్తడి ముద్ద. కానీ మొదటి పేజీలో రాసింది నేనే. విధేయుడనై అన్నది కొట్టేసినవాణ్ణి నేనే.

స్తంభం: సున్నా. పుస్తకం: ఒకటి. ఎవరో చూడలేదు, కాబట్టి ఎవరో రాయను.

18వ రోజు

కార్యాలయం నుంచి మనిషి గొంతే వచ్చింది, యంత్రం కాదు. పుస్తకం స్తంభం కంటే ఎక్కువ రాసినట్టు ఇంతవరకు ఈ పట్నంలో ఏ వీధీ కబురు చెయ్యలేదట. అంటే స్తంభం ఒకటి వదిలేసిందని అర్థం. అలాంటప్పుడు వారం లోపల అధికారి స్వయంగా వచ్చి చూడాలని చట్టంలో ఉందట. “పొరపాటున రాశారా తాతగారూ?” అని అడిగారు. నేను నలభై ఏళ్ళు తాళాలు చేశాను, పొరపాటు చేస్తే తలుపు తెరుచుకోదు అన్నాను.

మళ్ళీ వీధిని కూర్చోబెట్టాను. మా ఇంట్లో తాళం పోయిందని, అధికారి వచ్చి చూస్తారని చెప్పాను. తరవాత నేను చెప్పదలచుకున్నది చెప్పాను. రేపటి నుంచి ఎప్పటిలాగే చెప్పులు విడవండి.

దేముడు లేచాడు. “మావా, నీకేటైనా అయిందా? పచ్చగా ఉన్నాం. ఇంకో పన్నెండు రోజులు మూతి మూసుకుంటే గట్టెక్కేస్తాం. మల్లీ ఎరుపు చేసుకుంటామా?”

“దొంగలం కానప్పుడు పచ్చగా ఉండడానికి దొంగల్లా నడవడమేంటి? మనం చూసినన్నాళ్ళూ ఏమీ పోలేదు. మొహం తిప్పుకున్న ఎనిమిదో రోజుకి పోయింది. రేపు వచ్చే మనిషికి నేను మెడ పట్టేసిన వీధిని చూపించను.”

“ఆ మడిసొచ్చి సూసి, తాళాలే మంచివంటే?”

అచ్చియ్యమ్మ వైపు చూశాను. నష్టం ఆవిడది. ఆవిడ లేచి, మెట్లు దిగి నేరుగా నూకరత్నం ఇంట్లోకి వెళ్ళింది. రత్నం పెద్ద రోకలి పట్టుకుని బయటికొచ్చింది. గడపలో చెప్పు విడిచి, ఒక కాలు ఎత్తి వేసుకుంటూ మా ముందునుంచే ఇంటికి నడిచింది.

నూకరత్నం మూతి తుడుచుకుని, “నేను మిరపకాయలు దంచుకోవాల, దీనికిప్పుడే కావల్సొచ్చింది,” అంది. పదమూడు రోజుల తరవాత వీధి నవ్వింది.

స్తంభం: ఒకటి. పుస్తకం: సున్నా.

22వ రోజు

స్తంభం: నలభై నాలుగు. పుస్తకం: సున్నా. బోర్డు ఎరుపు. ఇంతకుముందు ఎప్పుడూ నలభై నాలుగు రాలేదు. ఆత్రంగా ఉన్నారు జనం. పొగడ్త కాగితాన్ని నూకరత్నం తీసేసింది. దాన్ని ఎక్కడ వాడిందో నేను అడగలేదు.

24వ రోజు

అధికారి వచ్చింది. పేరు హిమజ. ముప్పై ఏళ్ళుంటాయి. తెల్లటి బూట్లు. అయిదో మెట్టు ఎక్కేసరికి ఆయాసపడింది, కానీ ఆగలేదు. పుస్తకం అంతా మెట్ల మీదే కూర్చుని చదివింది. మిగతా వీధుల పుస్తకాలు స్తంభం కాగితాన్ని చూసి రాసినవేనని ఆమెకి తెలుసు. ఆ సంగతి మొహంలోనే కనబడింది.

“తాతగారూ, రెండో రోజు స్తంభం ముప్పై ఏడు అంటే మీరు సున్నా అన్నారు. పదిహేడో రోజు స్తంభం సున్నా అంటే మీరు ఒకటి అన్నారు. రెండుసార్లూ మీరే కరెక్టని ఎలా నమ్మను?”

“రోజంతా కూర్చో అమ్మా. నేను చెప్పేదేముంది.”

కూర్చుంది. అచ్చియ్యమ్మ అంబలి, ఎండు నెత్తళ్ళు పెట్టింది. ఆమె కళ్ళముందే మా ఇంట్లోంచి జల్లెడ పోయింది, నిచ్చెన పోయింది, నిచ్చెన తిరిగొచ్చింది. ప్రతిదానికీ ఆమె లేవబోయేది. నేను చెప్పు చూపించేవాణ్ణి. “ఇది దేముడిది, మడమ దగ్గర వలతాడుతో కుట్టుకున్నాడు. ఇది రత్నానిది, ఎడమది, కుడిదెప్పుడూ విడవదు.”

మధ్యాహ్నానికి ఆమె తనంతట తనే, “ఆ జల్లెడ చెప్పు ఇంకా ఉంది, తిరిగి రాలేదన్నమాట,” అంది.

“మరి మీ తాళం?” అని అడిగింది. “ఎవరో అవసరానికి తీసుకెళ్ళి మరచిపోయారేమో. దొంగతనమని మీకెలా తెలిసింది?”

“చెప్పు లేదమ్మా.”

ఆమె మేకువైపు చూసింది. గడపవైపు చూసింది. పదిహేడో రోజు స్తంభం కాగితం తీసి ఆ సన్నటి వరుస మీద వేలు పెట్టి ఉంచింది. అచ్చియ్యమ్మ వెళ్ళి ఆమె పక్కన కూర్చుని బొటనవేలు చూపించింది. అధికారి ఆ వేలు పట్టుకుని వెలుగులో తిప్పి చూసింది.

“నేను రాసిచ్చినా వినరు. స్తంభం తప్పు చెప్పిందని ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు. మీ చెప్పుల సంగతి చెబితే నవ్వుతారు,” అంది చివరికి.

అప్పుడే వాన పట్టుకుంది. నాలుగు గంటల తీగబండి తప్పితే ఇక ఆరింటికే. కాగితాలు తడిసిపోతాయని గడపలో తచ్చాడుతోంది. మా గొడుగు ఎవరో తీసుకెళ్ళారు, చెప్పు ఉంది.

నూకరత్నం అవతలి గట్టునుంచి అరిచింది. “దేముడింట్లో గొడుగుంది తల్లీ! ఆడు వలల కాడికి పోనాడు. తీసుకో!”

“ఆయన లేకుండానా?”

“బూటుందిగా!”

అధికారి నవ్వబోయి ఆగింది. తలెత్తి స్తంభం వైపు చూసింది. పదకొండు కళ్ళు. నేను చూస్తూనే ఉన్నాను, ఆ పిల్ల తెలియక చేసిన పని కాదది. వానలో నాలుగు అంగల్లో దేముడి ఇంటికి వెళ్ళింది. లోపలికెళ్ళి గొడుగుతో వచ్చింది. వంగి, తాడు విప్పి, ఎడమ బూటు గడపలో పెట్టింది. గొడుగు వేసుకుని ఒంటి బూటుతో, తడి మేజోడుతో మెట్లు దిగి వెళ్ళిపోయింది.

స్తంభం: నలభై ఒకటి. అందులో ఒకటి, భద్రతా అధికారి హిమజ, గుర్తింపు సంఖ్యతో సహా, పాదరక్ష వదిలి పరారీ.

పుస్తకం: సున్నా.

27వ రోజు

స్తంభం: ముప్పై ఎనిమిది. పుస్తకం: సున్నా.

బూటు ఇంకా దేముడి గడపలోనే ఉంది. మూడు రోజులు. మా వీధిలో ఒక చెప్పు మూడు రోజులు ఉండడం ఇదివరకెప్పుడూ జరగలేదు. జనం వచ్చి చూసిపోతున్నారు. లోపలికి వాన కొట్టకుండా నూకరత్నం దాని మీద గిన్నె బోర్లించింది.

“మావా,” అన్నాడు దేముడు, “అంత పెద్ద ఉద్యోగస్తురాలికి ఇంకో జత ఉండదా? నా గొడుగు పోయినట్టే.”

“వస్తుంది.”

“రాకపోతే అది కూడా రాస్తావా పుస్తకంలో?”

“రాస్తాను,” అన్నాను. మనసులో కష్టంగా ఉంది.

29వ రోజు

స్తంభం: నలభై. పుస్తకం: సున్నా.

రేపే ముప్పయ్యో రోజు. రాలేదు. నమూనా తాళాన్ని మళ్ళీ వెళ్ళి చూశాను. నా పాత ఆకురాయితో ఏడు నిమిషాల్లో తెరవగలను. తెరవను. నా వీధిలో తాళం పగలగొట్టినవాణ్ణని అనిపించుకోను. తలుపు మూయకుండా రాయి అడ్డం పెట్టుకుని బతుకుదాం అంది అచ్చియ్యమ్మ. ఇవాళే మంచి రాయి ఒకటి ఏరి తెచ్చింది.

30వ రోజు

పొద్దున్న మొదటి తీగబండిలోనే తాళాలవాళ్ళు దిగారు. అరవై రెండు పెట్టెలు. మొదటి ఇల్లు మాది. తలుపుకి కన్నం వేశారు. కొయ్యపొట్టు గడపలో పడుతుంటే అచ్చియ్యమ్మ చీపురు పట్టుకుని నిలబడింది, వాళ్ళు ఆపగానే ఊడ్చేద్దామని. తాళం బిగించి, “అమ్మా, వేలు పెట్టండి,” అన్నారు. పెట్టింది. ఎర్రదీపం.

“సూసేవా? మల్లీ అదే,” అంది నాతో.

అప్పుడు నూకరత్నం కేక పెట్టింది. “బావా! కాళ్ళు సూడు! కాళ్ళు!”

మెట్ల కింద నుంచి అధికారి ఎక్కుతోంది. చేతిలో దేముడి గొడుగు. కుడికాలికి తెల్ల బూటు. ఎడమకాలికి నీలం రబ్బరు చెప్పు. ఆయాసంతో మా మెట్టు మీద కూలబడింది.

“ఆలస్యమైంది తాతగారూ. ఆరు రోజులూ నన్ను కార్యాలయంలో నిలబెట్టారు. స్తంభం నా పేరు చెప్పింది కదా. నేను దొంగనైనా కావాలి, స్తంభం తప్పైనా కావాలి. మూడో దారి లేదు.”

“ఏమన్నావమ్మా?”

“పై అధికారులు నా కాళ్ళు చూసి అడిగారు. రెండో బూటు ఎక్కడుందో చెప్పాను. దొంగతనం చేసినదాన్నయితే బూటు కోసం ఆ వీధికి తిరిగి వెళ్తానా, నా వెంట రండి అన్నాను. ఎవరూ లేవలేదు. పదిహేడో రోజు కన్ను తుడవడానికి వచ్చినవాడి సంచి కూడా విప్పించాను. సంచి ఖాళీ. కానీ మీ ఇంట్లోకి ఎందుకు వెళ్ళావంటే అతను వాళ్ళ ముందు సమాధానం చెప్పుకోలేకపోయాడు. ఆ తరవాతే సంతకం పెట్టారు.”

కాగితం ఇచ్చింది. నేనే గట్టిగా చదివాను, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ. ఎవరూ తొందరపెట్టలేదు. కొండమెట్ల నాలుగో వీధిలో తాళాలు వెయ్యకూడదు. గడపలో చెప్పు ఉంటే దొంగతనం కాదు. స్తంభానికీ పుస్తకానికీ తేడా వస్తే ఆ వీధిలో పుస్తకం మాటే నిలుస్తుంది.

చివరి వాక్యం రెండుసార్లు చదివాను. ఎందుకు చదవకూడదు?

“మరి దొంగెదవ కూడా సెప్పు ఇడిసెల్తే?” అన్నాడు దేముడు, గొడుగుకి చిల్లులు పడ్డాయేమోనని తెరిచి చూసుకుంటూ.

“ఎవడి చెప్పో రత్నానికి తెలియదా?” అన్నాను.

నూకరత్నం గిన్నె ఎత్తి బూటు తీసి, లోపల చెయ్యి పెట్టి పొడిగా ఉందని చూసుకుని, అధికారి చేతికిచ్చింది. ఆ పిల్ల బూటు తొడుక్కుని రెండు కాళ్ళూ నేలకేసి కొట్టింది. వీధి మొత్తం చూస్తోంది. మొహం తిప్పుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు.

తాళాలవాళ్ళు పెట్టెలు మోసుకుని దిగిపోయారు. మా తలుపుకి వేసింది నేనే విప్పాను. నాలుగు నిమిషాలు పట్టింది. ఏడు అనుకున్నాను. చెయ్యి ఇంకా పోలేదు.

నా ఇత్తడి తాళం దొరకలేదు. దాని చెవి మొలతాడుకే ఉంది. ఎత్తుకెళ్ళినవాడు దాన్ని ఏ తలుపుకీ వెయ్యలేడు.

సాయంత్రం బోర్డు ఆకుపచ్చ. స్తంభం: సున్నా. పుస్తకం: సున్నా. ఇరవయ్యో ఏడు మొదలైంది, మధ్యలో ఒకటి ఉంది, అది కూడా ఉండనివ్వండి. అది నేను రాసిందే.

ఇది రాసి తలెత్తేసరికి గోడ మీద మేకుకి ఒక కొత్త గరిటె వేలాడుతోంది. మా ఇంట్లోది కాదు. పొయ్యి దగ్గర కూర్చున్న అచ్చియ్యమ్మ కాళ్ళు చూశాను. ఒకటే చెప్పు ఉంది.